దొంగల అలారం: మోగడం ముఖ్యం కాదు, ఎప్పుడు మోగిందన్నది ముఖ్యం

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. ఇళ్లకు బిగించే అలారాల్లో చాలావరకు ఆ కుక్కల బాపతే. మొరగడం మొరుగుతాయి, కానీ తలుపు విరిగి, దొంగ పడకగదిలోకి వచ్చి, బీరువా మీద చెయ్యి వేశాక మొరుగుతాయి. అప్పుడు ఆ మోత వల్ల మిగిలేది చెవిపోటు ఒక్కటే. దొంగ ఇంకా గుమ్మం బయట గునపంతో తంటాలు పడుతుండగానే సైరన్ మోగిందనుకోండి, కథ వేరేలా ఉంటుంది. పరికరం అదే, ఖర్చూ దాదాపు అంతే. అది ఎప్పుడు మోగింది, అప్పటికి దొంగ ఎక్కడున్నాడు, మోత విని వచ్చేవారెవరు అన్న మూడు విషయాల్లోనే తేడా అంతా ఉంది.

అలారం అమ్మేవారు ఎక్కువగా పెట్టె గురించి చెబుతారు. ఈ వ్యాసం ఎక్కువగా గడియారం గురించి.

అసలు పనిచేస్తుందా?

ఈ ప్రశ్నను నేరుగా దొంగలనే అడిగినవాళ్లున్నారు. అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం షార్లట్ ప్రాంగణానికి చెందిన జోసెఫ్ కూన్స్ బృందం 2012లో మూడు రాష్ట్రాల జైళ్లలో ఉన్న 422 మంది ఇళ్ల దొంగల చేత ప్రశ్నావళి నింపించింది. ఇంట్లోకి దూరే ముందు అలారం ఉందేమో చూసుకుంటామని సుమారు 83 శాతం మంది చెప్పారు. ఉందని తెలిస్తే వేరే ఇల్లు చూసుకుంటామన్నవారు 60 శాతం. వినడానికి బాగానే ఉంది. అయితే ఆ అధ్యయనానికి డబ్బిచ్చింది అలారం పరిశ్రమకు చెందిన పరిశోధన సంస్థ. పైగా జవాబులిచ్చినవారంతా పట్టుబడ్డ దొంగలు. దొరకని దొంగ ఏమంటాడో మనకు తెలియదు కదా. న్యూజెర్సీలోని నెవార్క్ నగరంలో రట్గర్స్ విశ్వవిద్యాలయ పరిశోధన అయిదేళ్ల పోలీసు రికార్డులను తిరగేసింది. అలారాలు ఎక్కువగా ఉన్న వీధుల్లో దొంగతనాలు తక్కువని, ఆ దొంగలు పక్క ఇళ్ల మీద పడటమూ కనిపించలేదని తేల్చింది.

ఇంగ్లండ్ లెక్కలు దీనికి అడ్డం తిరిగాయి. నాటింగ్‌హామ్ ట్రెంట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రోమాకి సెలోని, సహచరులతో కలిసి ఇంగ్లండ్, వేల్స్ నేర సర్వే వివరాలను పరిశీలించారు. అన్నింటికంటే గట్టిగా పనిచేసిన కూర్పులో అలారం లేనే లేదు. కిటికీలకు తాళాలు, టైమర్ మీద వెలిగే లోపలి దీపాలు, తలుపుకు డబుల్ లాక్ లేదా డెడ్‌లాక్ (తాళంచెవి లేకుండా నాలుక వెనక్కి రాని తాళం), మనిషి కదిలితే వెలిగే బయటి దీపం, ఈ నాలుగూ కలిసిన ఇల్లు అందరికంటే భద్రంగా ఉంది. ఇంకే రక్షణా లేకుండా అలారం ఒక్కటే పెట్టుకున్న ఇళ్లలో, అసలేమీ లేని ఇళ్ల కంటే దొంగతనం ముప్పు ఎక్కువని 2015లో అదే బృందం ప్రచురించిన వ్యాసం చెప్పింది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు వైరుధ్యం కనిపించదు. బలహీనమైన తలుపు మీద అలారం ఉందని చెప్పే బోర్డు ఉంటే, లోపల దాచుకునేంత సొమ్ముందని దొంగకు మనమే చెప్పినట్టు. అదే బోర్డు గట్టి తలుపు మీదుంటే లోపలికి వెళ్లడం కష్టం, వెళ్లినా సమయం ఉండదు అన్న రెండు కబుర్లు ఒకేసారి అందుతాయి. అలారం దొంగను ఆపదు, తొందరపెడుతుంది. ఆపే పని తలుపుదే.

మొదటి అడుగు: ఒక సాయంత్రం మీరే దొంగ అవ్వండి

ఏమీ కొనకముందు చేతిలో ఫోను తీసుకుని వీధిలోకి వెళ్లండి. అందులో స్టాప్‌వాచ్ తెరవండి. గేటు దగ్గర నొక్కి, మీ ఇంట్లోకి తాళంచెవి లేకుండా ఎలా వెళతారో ఆలోచిస్తూ చుట్టూ ఒక తిరుగుడు తిరగండి. పెరటి తలుపు, స్నానాలగది కిటికీ, మేడ మెట్లు, నీళ్ల గొట్టం పట్టుకుని ఎక్కగలిగే బాల్కనీ, అన్నీ చూడండి. ఏ చోట నిలబడితే వీధిలోకి గాని పక్కింటికి గాని కనిపించరో గుర్తు పెట్టుకోండి. దొంగ ఎంచుకునేది ఆ చోటే.

తర్వాత రెండో లెక్క. తలుపు తెరిచిన క్షణం నుంచి నగలు, నగదు, ల్యాప్‌టాప్ ఉన్నచోటికి మామూలు నడకతో వెళ్లి, వాటిని సంచిలో వేసుకుని, బయటికి రావడానికి ఎంతసేపు పడుతుందో కొలవండి. నేను మా ఇంట్లో కొలిస్తే గుమ్మం నుంచి బీరువా దాకా పద్నాలుగు అడుగులు, తొమ్మిది సెకన్లు వచ్చింది. తాళంచెవి బీరువా పైనే ఉండేది. మొత్తం పని రెండు నిమిషాల లోపే ముగిసింది. దొంగకు ఇల్లు తెలియదు కాబట్టి ఇంకో రెండు నిమిషాలు కలపండి. అంటే సైరన్ మోగాక నాలుగు నిమిషాల తర్వాత ఎవరొచ్చినా, ఖాళీ బీరువా చూడటానికే వచ్చినట్టు.

ఈ అంకెను ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇక్కడి నుంచి తీసుకునే ప్రతి నిర్ణయం దాన్ని పెంచాలి, లేదా సహాయం వచ్చే సమయాన్ని తగ్గించాలి.

రెండో అడుగు: అలారానికి ముందు తలుపు

తాళం ఎంత ఖరీదైనదైనా, దాని నాలుక దూరే రేకును ద్వారబంధానికి అంగుళం మరలతో బిగించి ఉంటే రెండు తన్నులకు ఊడి వస్తుంది. చాలా తలుపులు తాళం దగ్గర విరగవు, చెక్క దగ్గర చీలతాయి. ఆ రేకును విప్పి మూడు అంగుళాల మరలతో, వెనక గోడ దాకా దిగేలా బిగించండి. అలారం ఖర్చులో ఇది లెక్కలోకి రానంత చిన్న పని. అయినా గునపం ముందు తలుపు నిలిచే సమయం దీనితో బాగా పెరుగుతుంది. తలుపు బందుల వైపు మరలకూ ఇదే వర్తిస్తుంది. బందుల కడ్డీలు బయటివైపు కనిపిస్తుంటే వాటిని సుత్తితో కొట్టి లాగేయడం దొంగకు సుళువు. అలాంటిచోట తలుపు మూసినప్పుడు చట్రంలోకి దిగే చిన్న ఇనుప కొక్కేలు బిగించుకోవాలి.

కిటికీలకు లోపలి తాళాలు, బయట కదలికకు వెలిగే దీపం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు వేర్వేరు గదుల్లో వేర్వేరు వేళల్లో వెలిగి ఆరే దీపం. వీటి గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు, పెట్టించేయండి.

మూడో అడుగు: దొంగ బయట ఉండగానే కనిపెట్టే సెన్సర్లు

అలారం తెలివంతా ఇక్కడుంది. అమెరికాలో అగస్టస్ రసెల్ పోప్ 1853లో పేటెంట్ తీసుకున్న విద్యుత్ అలారంలో తలుపు తెరుచుకుంటే విద్యుత్ వలయం పూర్తయి అయస్కాంతం కదిలి గంట కొట్టేది. తలుపు మళ్లీ మూసినంత మాత్రాన గంట ఆగేది కాదు. ఆ హక్కులను 1857లో ఎడ్విన్ హోమ్స్ కొని వ్యాపారంగా మార్చాడు. నేటికీ తలుపు సెన్సర్ దాని మనవడే. రెక్కకు ఒక అయస్కాంతం, చట్రానికి ఒక చిన్న స్విచ్. రెండూ దూరమైతే ప్యానెల్‌కు, అంటే సెన్సర్లన్నింటినీ నడిపే పెట్టెకు, కబురు వెళుతుంది.

దీన్ని తలుపు తెరుచుకునే అంచున, బందులకు దూరంగా పెట్టాలి. బందుల పక్కన పెడితే తలుపు జానెడు తెరుచుకున్నా అయస్కాంతం వేలెడు కూడా కదలదు. ఇంకొక లోపం ఉంది, దీన్ని అమ్మేవారు అంతగా చెప్పరు. తలుపు తెరవకుండా పలకను పగలగొట్టి దూరితే ఈ సెన్సర్‌కు ఏమీ తెలియదు. గుమ్మం విరగకముందే మోగాలంటే కంపన సెన్సర్ కావాలి. గునపం చెక్కను తాకినప్పుడు, కిటికీ చట్రాన్ని పెకలిస్తున్నప్పుడు పుట్టే కదలికను అది పసిగడుతుంది. ఇంటికి ఒకే ఒక్క సెన్సర్ అదనంగా కొనగలిగితే నేను దీన్నే కొంటాను, దొంగకు బాగా అనువైన తలుపుకు పెడతాను. గాజు పగిలినప్పుడు మొదట వచ్చే బరువైన దెబ్బ శబ్దాన్ని, వెంటనే వచ్చే సన్నని పగుళ్ల శబ్దాన్ని కలిపి గుర్తించే సెన్సర్ పెద్ద అద్దాలున్న గదికి పనికొస్తుంది.

ఇక గది మూలల్లో కనిపించే కదలిక సెన్సర్. మనిషి ఒంటి వేడి నుంచి వెలువడే పరారుణ కిరణాలను ఇది చూస్తుంది. గదిని కంటికి కనిపించని వాటాలుగా విడగొట్టి, వేడి ఒక వాటా నుంచి ఇంకొక వాటాకు మారితే మోగుతుంది. అందుకే దాని ముందు అడ్డంగా నడిచేవారిని త్వరగా పడుతుంది, నేరుగా దానివైపు నడిచి వచ్చేవారిని ఆలస్యంగా పడుతుంది. తలుపుకు ఎదురుగోడకు బిగించడం సాధారణంగా జరిగే పొరపాటు. తలుపు పక్క గోడ మూలలో, తయారీదారు చెప్పిన ఎత్తులో, దొంగ నడిచే దారికి అడ్డంగా చూసేలా పెట్టండి. కిటికీ అద్దంలోంచి బయటివాళ్లను ఇది చూడలేదు, మామూలు గాజు ఆ కిరణాలను అడ్డుకుంటుంది. ఎండ పడేచోట, ఏసీ గాలి తగిలేచోట పెడితే మీకు నిద్ర ఉండదు.

అన్నింటికంటే ముఖ్యంగా, ఇది లోపలి కాపలాదారు అని గుర్తుంచుకోండి. ఇది మోగే వేళకు తలుపు విరిగిపోయింది, అంటే తలుపు నిలిచిన సమయమంతా వృథా అయింది. భద్రతా నిపుణులు దీన్నే సూత్రంగా చెబుతారు: కనిపెట్టడానికి ముందు జరిగిన ఆలస్యానికి విలువ లేదు. అయిదు నిమిషాలు నిలిచే తలుపున్నా, మొదటి దెబ్బకే ఎవరికైనా తెలిస్తేనే ఆ అయిదు నిమిషాలు మీవి.

నాలుగో అడుగు: మోగితే ఎవరొస్తారు?

దీనికి జవాబు పేరుతో సహా చెప్పలేకపోతే సైరన్ కొనడం దండగ. పోలీసులు వస్తారని అనుకోవడం సహజం. అమెరికాలో పోలీసుల పనితీరు మీద పనిచేసే ఒక కేంద్రం ప్రచురించిన మార్గదర్శి ప్రకారం అలారం పిలుపుల్లో 94 నుంచి 98 శాతం ఉత్తుత్తివే. సాల్ట్ లేక్ సిటీ నగరం విసిగిపోయి 2000 డిసెంబరు నుంచి, ఎవరైనా వెళ్లి చూసి నిజమని చెబితేనే పోలీసులను పంపుతామని నియమం పెట్టింది. ఆ తర్వాత పోలీసులు వెళ్లాల్సి వచ్చిన అలారం పిలుపులు దాదాపు 90 శాతం తగ్గిపోయాయి. కాబట్టి మీ ఊళ్లో పోలీసులు అలారం పిలుపును ఎలా చూస్తారో ముందే కనుక్కోండి.

ఫోనుకు వచ్చే సందేశం మీద పూర్తిగా ఆధారపడకండి. మీరు విమానంలో ఉండవచ్చు, నిద్రలో ఉండవచ్చు, సినిమా హాల్లో ఫోను మూసి ఉండవచ్చు. కనీసం ముగ్గురికి సందేశం వెళ్లాలి, వారిలో ఒకరు నడిచి వచ్చేంత దగ్గరలో ఉండాలి. డబ్బు కట్టి, అలారాలను దూరం నుంచి కనిపెట్టి ఉండే నిఘా కేంద్రానికి కలుపుకుంటే, వాళ్లు మొదట ఎవరికి ఫోను చేస్తారో, ఎన్ని నిమిషాల్లో చేస్తారో ఒప్పందంలో రాయించుకోండి. లోపల కెమెరా ఉంటే ఉత్తుత్తిదో నిజమో పది సెకన్లలో తేలుతుంది. కెమెరాకు నేనిచ్చే విలువ అంతవరకే. ముఖానికి గుడ్డ కట్టుకున్న దొంగ బొమ్మతో ఎవరికీ ఒరిగేది లేదు.

బయటి సైరన్ మోత పక్కింటివారి కోసం. లోపలి సైరన్ దొంగ కోసం. లోపల మోత భరించలేనంతగా ఉంటే వాడికి అడుగుల చప్పుడు వినపడదు, ఎవరో వస్తున్నారన్న భయం పెరుగుతుంది. రెండూ ఉండాలి.

అయిదో అడుగు: ఉత్తుత్తి మోతలను చంపండి

మా ఇంట్లో మొదటి ఏడాది అలారం పదకొండు సార్లు మోగింది. దొంగ ఒక్కసారీ రాలేదు. మొదటిసారి ఎదురింటి పెద్దాయన చేతికర్రతో పరుగెత్తుకొచ్చారు. నాలుగోసారి కిటికీలోంచి చూసి తెర వేసుకున్నారు. ఏడోసారి చూడలేదు కూడా. 'నాన్నా, పులి' అని అరిచిన పిల్లవాడి పరిస్థితే మా సైరన్‌కు పట్టింది. కారణాలు వెతికితే నవ్వొచ్చింది. హాల్లో సెన్సర్ అద్దం మీద సాలీడు గూడు కట్టింది. సెన్సర్‌కు అంత దగ్గరలో పాకే సాలీడు దానికి గది నిండా మనిషిలా కనిపిస్తుంది. పుట్టినరోజుకు కట్టిన వెండి రంగు బుడగ ఒకటి ఏసీ గాలికి గదిలో తిరుగుతూ రెండు సార్లు మోగించింది. మిగిలినవన్నీ మా పొరపాట్లే, కోడ్ నొక్కకుండా తలుపు తీయడం.

అందుకని బిగించిన మొదటి రెండు వారాలు బయటి సైరన్ ఆపి ఉంచండి. సందేశాలు మాత్రం ఫోనుకు రానివ్వండి. ప్రతి ఉత్తుత్తి మోతకూ తేదీ, గది, కారణం రాసుకోండి. కారణం తెలియని మోత ఒక్కటి మిగిలినా బయటి సైరన్ కలపకండి. పెంపుడు జంతువులుంటే వాటిని పట్టించుకోని సెన్సర్లు దొరుకుతాయి, కానీ పిల్లి సోఫా ఎక్కి, అక్కడి నుంచి అలమర ఎక్కితే అలాంటి సెన్సర్ కూడా దాన్ని మనిషని అనుకోవచ్చు.

ఆరో అడుగు: ప్రవేశ గడువును కుదించండి

మీరు ఇంటికొచ్చి తలుపు తీశాక కోడ్ నొక్కడానికి ప్యానెల్ కొంత గడువిస్తుంది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 50131 దీనికి గరిష్ఠంగా 45 సెకన్లు పెట్టింది. బిగించేవారు ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పూర్తి గడువూ పెట్టేసి వెళతారు. నా తొమ్మిది సెకన్ల లెక్క గుర్తుందా? దొంగ తలుపు విరిచి, బీరువా చేరి, లోపల వెతుకుతున్నా ప్యానెల్ మాత్రం యజమాని కోడ్ కోసం మర్యాదగా ఎదురుచూస్తూ ఉంటుంది.

గడువు మీరు రోజూ వాడే ఒక్క తలుపుకే ఉండాలి. పెరటి తలుపు, కిటికీలు, కంపన సెన్సర్లు వెంటనే మోగాలి. ఆ ఒక్క తలుపుకు కూడా ఇరవై సెకన్లు చాలు. అంకెలు నొక్కడం ఆలస్యమైతే తాకిస్తే పనిచేసే బిళ్ల వాడండి. గడువులో ఇంకో ప్రమాదం ఉంది. తలుపు పక్కనే ఉన్న పెట్టెను దొంగ గడువు లోపలే పగలగొడితే కబురు బయటికే వెళ్లదు. అంకెల పలక ఒకచోట, అసలు ప్యానెల్ లోపలి గదిలో ఇంకొకచోట ఉండే రకం కొనండి. అన్నీ ఒకే డబ్బాలో ఉంటే, అది ఉన్నట్టుండి మాట్లాడటం మానేసినా నిఘా కేంద్రం దాన్ని అలారంగా తీసుకుంటుందో లేదో అడగండి.

ఏడో అడుగు: బ్యాటరీ, సంకేతం, కోడ్

కరెంటు తీసేస్తే అలారం చచ్చిపోతుందా అన్నది చాలామంది భయం. మంచి ప్యానెల్‌లో బ్యాటరీ ఉంటుంది, చాలావాటిలో అది 12 వోల్టుల సీసం బ్యాటరీ. అసలు సమస్య అది ముసలిదవడం. మూడు నుంచి అయిదేళ్లలో దాని సత్తా తగ్గిపోతుంది, పైకి మాత్రం ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంటుంది. బిగించిన తేదీని దాని మీదే కలంతో రాయండి. ఆరు నెలలకోసారి మెయిన్ స్విచ్ ఆపి, కొన్ని గంటలు బ్యాటరీ మీదే నడిపి, చివర సైరన్ మోగించి చూడండి. ఇంటర్నెట్ తీగ ఒక్కటే కాకుండా సిమ్ కార్డు ద్వారా కూడా కబురు వెళ్లే ఏర్పాటు ఉండాలి. వైర్‌లెస్ సెన్సర్లయితే, రేడియో సంకేతాన్ని ఎవరైనా అడ్డుకుంటే గుర్తించే సౌకర్యం ఉందో లేదో కొనేముందే అడగండి.

బిగించినవారు వాడిన కోడ్‌ను వాళ్లు గేటు దాటకముందే మార్చేయండి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పనికి వచ్చేవారికి, అతిథులకు ఎవరి కోడ్ వారికివ్వండి, ప్యానెల్‌లో ఎవరు ఎప్పుడు తీశారో నమోదవుతుంది. వారి పని ముగిసిన రోజే ఆ కోడ్ తొలగించండి. అంకెల పలక మీద నాలుగు మీటలే అరిగి మెరుస్తుంటే కోడ్‌లోని అంకెలు అవేనని ఎవరికైనా తెలిసిపోతుంది.

ఎనిమిదో అడుగు: రోజూ వేయడం

తాళం వేసితిని గొళ్లెం మరిచితిని అన్నట్టు, వేల రూపాయల అలారం గోడకుండగానే దొంగతనాలు జరిగే ఇళ్లు ఉంటాయి, ఎందుకంటే ఆ పూట దాన్ని ఆన్ చేయలేదు. పక్క వీధిలోకి వెళ్లి పది నిమిషాల్లో వస్తాం కదా అనుకున్న పూటే అది. దీనికి మందు ఒకటే, బయటికి వెళ్లే పని నుంచి అలారాన్ని విడదీయకుండా చేయడం. తాళం తిప్పితే దానంతటదే ఆన్ అయ్యే రకాలున్నాయి. లేకపోతే అంకెల పలకను చెప్పులు విడిచే చోట, చేతికందే ఎత్తులో పెట్టించుకోండి. రాత్రి నిద్రపోయేటప్పుడు లోపలి కదలిక సెన్సర్లు ఆపి, తలుపులు, కిటికీలు మాత్రమే కాపలా కాసే అమరికను కూడా వాడండి. దాన్ని వాడనివారే ఎక్కువ.

నెలకోసారి నడక పరీక్ష చేయండి. ప్యానెల్‌ను పరీక్ష స్థితిలో పెట్టి, మొదటి అడుగులో దొంగలా నడిచిన దారిలోనే మళ్లీ నడవండి. ఏ సెన్సర్ ఎక్కడ స్పందించిందో చూడండి. మధ్యలో కొత్త అలమర వచ్చి ఒక సెన్సర్‌కు సగం గది కనబడకుండా పోయి ఉండవచ్చు.

ఒకసారి దొంగలు పడ్డ ఇంటికి

ఇక చెప్పేది తక్కువమందికే అవసరం, కానీ అవసరమైనవారికి ఎంతో అవసరం. ఒకసారి దోచిన ఇంటిని మళ్లీ దోచే అవకాశం ఆ తర్వాతి కొద్ది వారాల్లోనే ఎక్కువ. దారి తెలిసింది, పోయినవాటి స్థానంలో కొత్తవి వస్తాయనీ తెలుసు. ఇంగ్లండ్‌లో రాచ్‌డేల్ పట్టణంలోని కిర్క్‌హోల్ట్ అనే నివాస ప్రాంతంలో 1986 నుంచి నడిచిన ప్రయత్నం ఈ ఒక్క విషయాన్నే పట్టుకుంది. దొంగలు పడ్డ ఇళ్లకు వెంటనే తాళాలు మార్చారు, నాణేలు వేసి వాడే మీటర్లను తొలగించారు. ఎందుకంటే ఆ నాణేల కోసమే చాలా దొంగతనాలు జరిగేవి. ఆ ఇంటి చుట్టూ ఉన్న కొద్ది ఇళ్లవారిని కనిపెట్టి ఉండమన్నారు. మూడేళ్లలో అక్కడ ఇళ్ల దొంగతనాలు నాలుగింట మూడు వంతులు తగ్గాయి.

కాబట్టి పోలీసులు చూసి వెళ్లిన రోజే తాళాలు, కోడ్‌లు మార్చండి. దొంగ ఏ దారిన వచ్చాడో ఆ దారికి కంపన సెన్సర్ పెట్టండి, తర్వాత పెడదామని ఆగకండి. చుట్టుపక్కల నాలుగిళ్లకు వెళ్లి జరిగింది చెప్పి ఫోను నంబర్లు ఇచ్చి పుచ్చుకోండి. బీమా డబ్బుతో కొత్త టీవీ కొన్నాక దాని అట్టపెట్టెను మాత్రం ముక్కలుగా కోసి, బొమ్మ కనిపించకుండా మడిచి, చెత్తబండి వచ్చే నిమిషం వరకు ఇంట్లోనే ఉంచండి.